ఒంటి తుమ్ము

మూడో తాను మడత విప్పేసరికి బసవయ్య ముక్కులో చీమ పాకినట్టయింది. గుడ్డ వదిలేసి, చూపుడువేలు ముక్కు కింద అడ్డంగా నొక్కిపెట్టి, ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన ఉపాయం అది. ఎప్పుడో తప్ప పనిచేయదు. ఇవాళ పనిచేసింది.

"ఈ ఒక్కపూట నా మాట వినవే," అని ముక్కుకే చెప్పుకుని మళ్ళీ తాను అందుకున్నాడు.

గవర్నర్‌పేటలో వెంకటకృష్ణారావు గారి హోల్‌సేల్ బట్టల కొట్టుకి పైన ఉన్న గోడౌన్ అది. ఎండ తగిలితే రంగు వెలుస్తుందని కిటికీలకు అట్టలు కొట్టేశారు. బేళ్ళు విప్పడం, తానులు కొలవడం, మడతలు సరిచేసి కిందికి దించడం బసవయ్య పని. యాభై దాటిన మనిషి. సన్నగా, భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటాడు. కళ్ళకింద చర్మం నల్లబడింది. ఏళ్ళ తరబడి అరచేత్తో పైకి రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది. చొక్కా జేబులో ఒక రుమాలు, ప్యాంటు జేబులో ఒక రుమాలు ఎప్పుడూ ఉంటాయి.

నిజానికి అతన్ని పెట్టుకున్నది కింద కౌంటరు దగ్గరికి. చేరిన మొదటి వారమే పెళ్ళిచీరల బేరం వచ్చింది. అంతా కుదిరి, పెళ్ళికూతురి తల్లి సంచిలో చెయ్యి పెట్టబోతుండగా బసవయ్య తుమ్మాడు. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మళ్ళీ వస్తాంలెండి" అని లేచారు, మళ్ళీ రాలేదు. వెంకటకృష్ణారావు గారు మంచివారు కాబట్టి పనిలోంచి తీసెయ్యలేదు, పైకి పంపారు. తుమ్ముతున్నాడని తీసుకెళ్ళి దుమ్ములో కూర్చోబెట్టారన్నమాట. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది బసవయ్య పని. అప్పటిదాకా రెండో మూడో వచ్చే తుమ్ములు పదీ పదిహేనూ వరసకట్టి రావడం మొదలుపెట్టాయి. రాత్రిళ్ళు పిల్లికూతల ఆయాసం కూడా తోడైంది.

ఇంట్లోనూ ఇంతే. ఎవరు ఊరికి బయలుదేరుతున్నా, "కాస్త టీ తాగి రాకూడదండీ?" అనేది అతని భార్య రావమ్మ. బసవయ్య చెప్పులేసుకుని వీధి చివరికి పోయేవాడు. వెళ్ళవలసినవాళ్ళు వెళ్ళాక తిరిగి వచ్చేవాడు. ఆ టీ అతనికి ఎన్నడూ రుచిగా అనిపించలేదు.

ఒక్కసారి మాత్రం వెళ్ళలేదు. అన్న పూర్ణయ్య మోటారుసైకిలు మీద గన్నవరం బయలుదేరిన రోజు అది. బండి స్టార్టు చేస్తుండగా బసవయ్యకు తుమ్ము వచ్చింది. ఒంటి తుమ్ము కీడు, రెండోది వస్తే దోషం పోతుంది. వదిన, "కూర్చుని కాసిని నీళ్ళు తాగి వెళ్ళండి" అంది. "వీడి తుమ్ములకు ఆగితే నేను ఇల్లు కదిలినట్టే!" అని అన్న నవ్వాడు. రెండో తుమ్ము వచ్చేసరికి బండి మలుపు తిరిగిపోయింది. గన్నవరం ఇంకా రాకముందే లారీ గుద్దేసింది. ఆ తరవాత ఎవరూ బసవయ్యను పల్లెత్తు మాట అనలేదు. వదిన కూడా అనలేదు. అని ఉంటే ఒకసారి ఏడ్చి ఊరుకునేవాడు.

ఇవాళ కూతురు కనకలక్ష్మి వైజాగ్ వెళ్తోంది. అక్కడి ఆసుపత్రిలో ల్యాబు టెక్నీషియన్ ఉద్యోగం, రేపు చేరాలి. మధ్యాహ్నం రైలు. ఒంటిగంటన్నరకు రాహుకాలం వస్తుంది కాబట్టి ఆలోపే గడప దాటాలని రావమ్మ పట్టు. కూతురి పట్టు ఇంకొకటి.

"నాన్న గుమ్మంలో నిలబడితేనే నేను బయటికి అడుగుపెట్టేది. టీ కొట్టుకి పంపావో, ప్రయాణం మానేస్తా," అని తల్లితో తేల్చి చెప్పేసింది.

పన్నెండు దాటగానే బసవయ్య షాపులో చెప్పి, రెండు వీధుల అవతలున్న ఎలర్జీ క్లినిక్‌కి వెళ్ళాడు. నిరుడు అతన్ని ఇక్కడికి లాక్కొచ్చింది కనకమే. డాక్టర్ శాంభవి గారు అతని ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి గుచ్చితే, ఇంటిదుమ్ములో బతికే కంటికి కనబడని పురుగుల చుక్క దగ్గర కందిరీగ కుట్టినంత దద్దురు లేచింది.

"మీ ఒంట్లో కాపలాకుక్క ఉందండీ. దుమ్ముని చూసి దొంగ వచ్చాడని మొరుగుతోంది," అన్నారావిడ. "ఆ దుమ్మునే రవ్వంత రవ్వంత ఇంజెక్షన్లో ఇచ్చి పరిచయం చేస్తాం. మూడేళ్ళో నాలుగేళ్ళో పడుతుంది. అలవాటైతే మొరగడం తగ్గిస్తుంది."

ముల్లును ముల్లుతోనే తియ్యాలంటారుగదా అనుకుని బసవయ్య ఒప్పుకున్నాడు. ఏడాది పైనే అయింది. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. అయితే ఇవాళ అతను వచ్చింది ఆ మూడేళ్ళ లెక్క కోసం కాదు. సూది వేయించుకుంటే ఈ పూటకు తుమ్ము రాదని అతని నమ్మకం. తలనొప్పికి మాత్ర వేసుకున్నట్టు అనుకున్నాడు.

"కొత్త సీసా మొదలుపెట్టామండీ," అంది నర్సు, భుజం మీద దూది అద్దుతూ. "అరగంట దాకా కుర్చీలోంచి కదలకూడదు. తరవాత డాక్టరుగారు చూసి పంపుతారు."

బసవయ్య కూర్చున్నాడు. ఎదురుగా గోడగడియారం ఉంది. తన వంతు వచ్చేసరికే ఒంటిగంట కావచ్చింది. రాహుకాలం దాని ముల్లు పట్టుకుని తన మీదికే వస్తున్నట్టు అనిపించింది. అరగంటా కూర్చుంటే అందుకోలేడు. తను లేకపోతే కూతురు గడప దాటదు. రాహుకాలంలో దాటితే రావమ్మ ప్రాణం నిలవదు. సగం సేపైనా కాకముందే నర్సు లోపలికి వెళ్ళింది. బసవయ్య లేచి, దొంగలా మెట్లు దిగాడు.

ఆటో దొరకలేదు. ఏలూరు రోడ్డు దాకా ఎండలో పరుగులాంటి నడక నడిచాడు. ఆటో ఎక్కాక అరచేతులు దురద పెట్టాయి. చెవులు వేడెక్కాయి. ఎండ దెబ్బ అనుకున్నాడు. కృష్ణలంకలో దిగేటప్పటికి గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టుంది. అప్పుడు అర్థమైంది, ఇది ఎండ కాదని. భయం వేసింది.

ఇంటి ముందు స్టేషన్‌కి మాట్లాడిన ఆటో నిలబడి ఉంది. పక్కింటి బుల్లెమ్మ నిండు బిందెతో ఎదురు రావడానికి వీధిలో సిద్ధంగా ఉంది. "వచ్చారా తండ్రీ! ఇంక నిలబడండి," అంది రావమ్మ. ఇరవై ఏళ్ళకు పైగా అతన్ని బయటికి పంపిన మనిషి ఇవాళ చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబెట్టింది.

బసవయ్య ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. ముక్కు నిమ్మళంగా ఉంది. గొంతు మాత్రం సన్నబడుతోంది. ఒక్క మాట అంటే చాలు, ప్రయాణం ఆగిపోతుంది. అదీ తుమ్ముతో సమానమే. పిల్ల గడప దాటనీ, ఆటో మలుపు తిరగనీ, అప్పుడు కూర్చుంటాను అనుకున్నాడు.

కనకం కాళ్ళకు దండం పెట్టడానికి వంగింది. వంగి, లేవలేదు. అతని పాదాల మీద, చీలమండల చుట్టూ దద్దుర్లు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"నాన్నా, అరగంటా కూర్చున్నావా?"

"కూర్చున్నా," అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు.

కనకం లేచి తండ్రి మొహం చూసింది. పెదవులు వాచి ఉన్నాయి. ఇంకేమీ అడగకుండా రెక్క పట్టుకుని ఆటోలోకి తోసింది.

"ఒసే, రాహుకాలం వచ్చేస్తోందే! రైలే!" అంది రావమ్మ.

"రానీ. వస్తే కూర్చోమను. నువ్వెక్కు ముందు!"

దారిలో బసవయ్యకు ఊపిరి ఈలలాగా వచ్చింది. కనకం ఒక చేత్తో తండ్రి వీపు పట్టుకుని, రెండో చేత్తో ఫోను చేసి, క్లినిక్ వాళ్ళను మెట్ల దగ్గర నిలబెట్టింది. తొడలో సూది దిగింది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. గుండె దడదడలాడింది. కాసేపటికి గొంతులోని ముద్ద కరగడం మొదలైంది. కళ్ళు తెరిస్తే కూతురి చెయ్యి తన చేతిలో ఉంది.

"రైలు?" అన్నాడు.

"పోయింది. రాత్రికి బస్సుంది."

శాంభవి గారు సాయంత్రం దాకా పక్కనే పెట్టుకుని చూశారు. కుదుటపడ్డాక కోప్పడ్డారు. "అరగంట ఊరికే కూర్చోబెడతామా బసవయ్య గారూ? ఇలాంటిదేదైనా వస్తే మా కళ్ళముందు రావాలనేగా! పైగా ఎండలో పరుగు. ఈ మందు ఇవాళ్టి తుమ్ముకి కాదండీ, మూడేళ్ళ తరవాతి తుమ్ముకి."

"ఇంక ఆపేస్తారా మేడమ్?"

"మోతాదు తగ్గించి మళ్ళీ మెల్లగా పెంచుకుందాం. ఈసారి మాత్రం కుర్చీకి కట్టేయిస్తా."

రాత్రికి ఇంట్లో కదలకుండా పడుకోమనీ, ఏమాత్రం తేడా అనిపించినా పెద్దాసుపత్రికి పోవాలనీ చెప్పి మాత్రలిచ్చి పంపారు. బసవయ్య మొదటి మాట వినలేదు. బస్టాండుకు వస్తానన్నాడు. ఈసారి రావమ్మ టీ మాట ఎత్తలేదు.

వైజాగ్ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి చీకటి పడుతోంది. బసవయ్య కూతురికని నీళ్ళ సీసా కొని చేత్తో పట్టుకున్నాడు. కనకం బ్యాగు భుజానికి తగిలించుకుని మెట్టు మీద కాలు పెట్టింది. పొగ ఒక్కసారి మొహాన కొట్టింది. వేలు ముక్కు దాకా వెళ్ళేలోపే తుమ్మాడు.

ఎక్కబోతున్న ముసలాయన ఎత్తిన కాలు దించేశాడు. రావమ్మ మొహం పాలిపోయింది. బసవయ్య రెండో తుమ్ము కోసం కాచుకున్నాడు. దీపం వైపు చూశాడు. రుమాలు కొస మెలితిప్పి ముక్కులో పెట్టుకున్నాడు. జన్మంతా వద్దంటే వరసకట్టి వచ్చినవి ఇప్పుడు బతిమాలినా రాలేదు. పూర్ణయ్య నవ్వు చెవిలో వినబడింది.

"దిగు తల్లీ, కాసేపు కూర్చుని కాసిని నీళ్ళు తాగి ఎక్కు," అని సీసా చాచాడు.

కనకం మెట్టు మీదనుంచే వెనక్కి తిరిగింది. "ఒక్కటేనా నాన్నా?"

"ఒక్కటే," అన్నాడు, తప్పు ఒప్పుకున్నట్టు.

"నిరుడు ఇదే బస్టాండులో పద్నాలుగు లెక్కపెట్టాను నేను. ఒక్కటే వచ్చిందంటే మందు పనిచేస్తోంది నాన్నా!" పిల్ల మొహం వెలిగిపోయింది. "రేపట్నించి వారం దాకా గోడౌన్‌కి పోకు. అమ్మా, చూస్తుండు!"

నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. బస్సు కదిలి, వెనక ఎర్రదీపాలు గేటు దాటాయి.

ఇద్దరూ ఇంటికి వెళ్ళలేదు. బెంచీ మీద కూర్చున్నారు. సీసా ఇద్దరి మధ్యా ఉంది. రావమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని దుర్గమ్మను తలుచుకుంటోంది. బసవయ్య ఏ దేవుణ్ణీ తలుచుకోలేకపోయాడు. బెంజి సర్కిల్ దాటి ఉంటుంది, రామవరప్పాడు దాటి ఉంటుంది, నిడమానూరు వచ్చి ఉంటుంది అని మనసులో బస్సు వెంటే నడిచాడు. దారిలో ఎదురొచ్చే ప్రతి లారీనీ చూశాడు. ఎన్ని బస్సులు వచ్చి వెళ్ళాయో అతనికి తెలియదు.

ఫోను మోగింది. రావమ్మ చేతిలోంచి లాక్కున్నాడు.

"నాన్నా, గన్నవరం దాటేశాం. మాత్ర వేసుకున్నావా?"

తల ఊపాడు, పిల్లకు కనబడుతుందన్నట్టు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. రెండు జేబుల్లోనూ రుమాళ్ళున్న సంగతే గుర్తుకు రాలేదు.

"వేసుకుంటారు, నేను వేయిస్తాలే," అని రావమ్మే ఫోనులోకి వంగి చెప్పింది. తరవాత అతని చెయ్యి పట్టుకుని లేవదీసింది. "పదండి. దారిలో టీ తాగుదాం. ఇద్దరం."

వాళ్ళు గేటు వైపు నడిచారు. బెంచీ మీద నీళ్ళ సీసా మూతైనా తియ్యకుండా అలాగే ఉండిపోయింది.