చివరి అరనిమిషం

ఖాళీ గదిలో ఫ్యాను కట్టేసి, ఎవరో వదిలేసిన నీళ్ళ సీసాకు మూత బిగించి, అతను తన కుర్చీలో కూర్చున్నాడు. మనుషులున్న గదిలో కూడా లైటు ఆర్పేస్తాడని ఆఫీసులో అందరూ అతన్ని స్విచ్ బాబాయ్ అంటారు.

కథలు వినిపించే ఫోన్ యాప్‌లో పదేళ్ళుగా అతని పని ఒకటే. ఎవరైనా కథ నొక్కగానే దాన్ని చదివి వినిపించే ప్లేయర్ ఒకటి లోపల తయారవుతుంది. పని కాగానే దాన్ని ఫోన్ మెమరీలోంచి వదిలెయ్యాలి. లేకపోతే ఒకదానిమీద ఒకటి పేరుకుపోయి ఫోన్ చతికిలపడుతుంది. అతను రాసిన కోడ్‌లో ఒక్క ప్లేయరూ మిగిలిపోలేదు. ఆ సంగతి ఎవరూ మెచ్చుకోలేదు, అతనూ ఎదురుచూడలేదు.

మంచం పట్టిన అక్క వారం రోజులుగా ఫోన్ చేస్తోంది.

"నీ యాప్ అచ్చం నీలాగే ఉందిరా, చివరిమాట మింగేస్తోంది. కథలో తప్పిపోయిన ఆ పిల్ల దొరికిందో లేదో తెలియకుండానే పోతానేమో."

"ఏం మాటలక్కా! పోనీ నేను చదివి చెప్పనా?"

"నువ్వా! మూడు ముక్కల్లో తేల్చేసి లేస్తావు."

"చూస్తాలే, ఫోన్ పెట్టేస్తున్నా."

ఆఫీసులో ఏ ఫోన్లో పెట్టినా ఆ పన్నెండు నిమిషాల కథ చివరిదాకా చక్కగా వినిపించింది. మరి అక్క ఫోన్లోనే ఎందుకాగుతోంది? భోజనం మానేసి ఆలోచించాడు. అంతుపట్టక ఆమెకే ఫోన్ చేశాడు.

"నువ్వేం నొక్కుతావో ఒక్కొక్కటీ చెప్పక్కా."

"ముందు వేగం ఒక మెట్టు తగ్గిస్తా. గబగబా చదివితే నాకందదు. ఈ మాట చెప్పబోయినప్పుడల్లా పెట్టేశావుగా!"

అతను నాలిక కరుచుకున్నాడు. కథ నిడివి చూసుకుని, సరిగ్గా పన్నెండు నిమిషాలకు ప్లేయర్ని వదిలెయ్యమని రాసింది తనే. నిదానంగా చదివితే ఇంకో అరనిమిషం పైనే పడుతుంది. అయిపోయిందా అని దాన్ని ఏనాడూ అడగలేదు. నిజంగా సిగ్గేసింది. కోడ్‌లో గడియారం చూసే ఆ వరుస కొట్టేసి, ప్లేయరే అయిపోయిందని చెప్పాక వదిలేలా మార్చాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి, ఆమె ఫోన్లో కొత్త యాప్ వేసి కథ పెట్టాడు. బావ ఆమె తలకింద దిండు సర్దాడు. అక్క కళ్ళు మూసుకుని వింది. చివరి అరనిమిషంలో పిల్ల దొరికింది.

"అనుకున్నా," అంది అక్క, నవ్వుతూ.

ముగింపు సంగీతం మొదలైంది. అలవాటుగా ఫోన్ మీదకి వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సంగీతం తనంతట తనే ఆగింది. బావ ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపాడు. అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గదిలోంచి వస్తూ స్విచ్ దాకా వెళ్ళి, ఆర్పకుండా ఆగిపోయాడు. దుప్పటి మీద అక్క ఫోన్ ఉంది, వేగం ఒక మెట్టు తగ్గించి.