డబ్బాలో చోటు

ఆదివారం పాట సాధన అయ్యాక డబ్బాలు వొంపే పని తేజది. గోపన్‌పల్లిలో తేజతో జట్టుగా వాయించే పింకీ వాళ్ల నాన్న బాలనర్సయ్యకి బైకులు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడే తేజ, పింకీ పదిహేను కిలోల నూనె డబ్బాలకి చెక్క పట్టీలు బిగించి, పాత క్లచ్ వైర్ల పోగులు విప్పి తీగలుగా లాగి, గిటార్లు చేసుకున్నారు. వాయించేది బ్లూస్, అంటే దిగులు పాటలు. విన్నవాళ్ల దిగులు ఉప్పునీరై డబ్బాలోకి దిగుతుంది, వాళ్ల మనసు తేలికవుతుంది. నిండితే గిటార్ పలకదు, వొంపేస్తే మళ్లీ పలుకుతుంది. "ఇయ్యాల ఎంత దిగింది?" అని షెడ్డుకొచ్చినవాళ్లు నీళ్ల ట్యాంకరు సంగతి అడిగినట్టే అడుగుతారు. బాలనర్సయ్యకయితే ఒకటే విసుగు, ఆ ఉప్పుకి తన పానాలు తుప్పు పడుతున్నాయని.

మొన్న బుధవారం లింగంపల్లి స్టేషన్లో తేజ తన తండ్రిని చూశాడు. ఆఫీసులో ఉండాల్సిన సుబ్రహ్మణ్యం ప్లాట్‌ఫారం చివర కూర్చుని ఉన్నాడు. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి, ఆయన కళ్లు మాత్రం పట్టాల మీదే. ఉద్యోగం పోయి రెండు నెలలైందని ఆయనతో పనిచేసిన అవినాష్ చెప్పాడు. ఇంట్లోంచి మాత్రం రోజూ ఎనిమిదింటికి క్యారియర్ పట్టుకుని బయల్దేరుతూనే ఉన్నాడు మహానుభావుడు. తేజకి అడిగితే ఏం చేసుకుంటాడోనని భయం. ఇంట్లో గిటార్ ఎత్తితే చాలు, ఆయన గది తలుపు వేసుకుంటున్నాడు. బయట, జనం మధ్య అయితే వింటాడనుకున్నాడు తేజ.

"శుక్రవారం గచ్చిబౌలిలో మా పాట ఉంది నాన్నా. నాలుగింటికి. రావాలి."

"మీటింగుందిరా. చూస్తాను."

అది సొంతంగా చేసుకున్న గిటార్ల పండుగ. ఒక్కో జట్టుకి పదిహేను నిమిషాలు, మధ్యలో డబ్బా వొంపే వ్యవధి లేదు. నాలుగయింది. ఎదురుగా అంతా ఆఫీసుల జనం. వాళ్ల మొహాలు చూస్తేనే తెలుస్తోంది, రెండు డబ్బాలూ చాలవని. సుబ్రహ్మణ్యం లేడు.

"షురూ చెయ్," అంది పింకీ.

"నాన్న రాలేదు. ఇప్పుడే మొదలెడితే నా డబ్బా వీళ్లతోనే నిండిపోతుంది."

పింకీకి సంగతంతా తెలుసు. గెలిస్తే బెంగళూరులో వాయించే అవకాశం ఉంది. ఆర్నెల్లుగా దానికోసమే వేళ్లు కోసుకుంది.

"సరే. నేనొక్కదాన్నే కొడ్త. నువ్వు తీగెలకు చెయ్యి పెట్టకు."

ఆమె వాయిస్తుంటే తేజ బొమ్మలా నిలబడ్డాడు. జనం ఈలలు వేశారు. "వాడెందుకొచ్చాడురా?" అన్నారెవరో. తేజకి సిగ్గు కంటే భయమే ఎక్కువగా ఉంది. తొమ్మిదో నిమిషానికి పింకీ డబ్బా నిండి మూగబోయింది. నిర్వాహకురాలు అశ్విని తేజ వైపు చూసి, "వాయిస్తారా, దిగుతారా?" అని అడిగి, అతను తీగ ముట్టకపోయేసరికి మైకు తీసేసింది. ఇద్దరూ దిగారు. పింకీ నిండిన డబ్బా మోసుకుంటూ తేజకంటే ముందే గేటు వైపు నడిచింది.

గేటు బయట, ఆఫీసు బస్సులు ఆగేచోట సుబ్రహ్మణ్యం నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు ఎటో చూస్తూ. "నేను స్టేషన్‌కి వెళ్లాలిరా. పనుంది."

"ఒక్క పాట నాన్నా. కూర్చో."

తేజ ఫుట్‌పాత్ మీద కూర్చుని వాయించాడు. వినేది ఒక్కడే. అయినా డబ్బా సగమైంది, అంచుదాకా వచ్చింది, పొంగి తేజ ప్యాంటు తడిపింది. తీగ ఆగిపోయింది. నాన్న లోపల ఇంకా మిగిలే ఉందేమోనని తేజ పింకీ వైపు చూశాడు. పింకీ గబగబా తన డబ్బా రోడ్డు పక్క మోరీలో వొంపుకొచ్చి, పాట ఆగినచోటి నుంచి అందుకుంది. అదీ సగందాకా నిండింది. ఇక పెరగలేదు.

సుబ్రహ్మణ్యం మొహం తుడుచుకున్నాడు.

"అమ్మకి ఫోన్ కలుపు," అన్నాడు.

తడి వేళ్లతో నొక్కితే తేజకి నంబరు రెండుసార్లు తప్పింది. మూడోసారి కలిసింది, ఫోన్ నాన్నకిచ్చాడు.

"ఉమా, నా ఉద్యోగం పోయింది. రెండు నెలలైంది," అన్నాడు సుబ్రహ్మణ్యం. అటునుంచి ఏం వినబడిందో గానీ, చాలాసేపు తలూపాడు. "లేదు, ఇంకెక్కడికీ వెళ్లను. ఇంటికే వస్తున్నాను."