సోషల్ పుస్తకమని నన్ను చదివిన పిల్ల

నేను ఒక నవలను. అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి, కాబట్టి నా పేరేమిటో నాకే తెలియదు. ముప్పయ్యేళ్లలో నన్ను కొన్నవాళ్లు చేసిన ఘనకార్యాలు అన్నీ ఇన్నీ కావు. ఒకాయన నాతో ఈగల్ని కొట్టాడు. ఇంకొకావిడ పాలగిన్నె మీద మూతపెట్టింది. పలాసలో పైడితల్లి అనే పిల్ల చేతిలో నేను తిన్న షాకుల ముందు అవన్నీ ఏపాటి!

జూన్ నెలలో, పాత పుస్తకాలమ్మే తాత ఏడో తరగతి పుస్తకాలు ఆరు కట్టగట్టి ఆ పిల్ల తల్లి అసిరమ్మకు ఇచ్చాడు. చూపానక, సోషల్ బదులు నన్ను పెట్టేశాడు. అసిరమ్మ జీడిపిక్కల కార్ఖానాలో పనిచేస్తుంది, ఆమెకు చదువు రాదు. కూతురికి వచ్చుగానీ, పుస్తకమంటే ఆమడదూరం పరిగెత్తే రకం. బొమ్మలు చూసి అయిదు పుస్తకాలకు పేర్లు రాసింది. నేను మిగిలాను.

“ఇంకేటుంది, సోషలే!”

లోపలికి తొంగి కూడా చూడకుండా నాకు ఖాకీ అట్ట వేసి, ‘సాంఘిక శాస్త్రం’ అని చీటీ అంటించింది. ఓసి పిల్లా, ఒక్క పేజీ తిప్పితే నీ సొమ్మేం పోయింది? నాకు నోరుంటే ఆ రోజు వీధంతా వినేలా అరిచేదాన్ని.

“ఈ పాలి కూడా తప్పినావంటే సదువు మానిపించీసి నాతోపాటు పిక్కల పనికి తోలుకుపోతాను,” అంది అసిరమ్మ. రోజూ సాయంత్రం పిల్లను పుస్తకం ముందు కూలేసేది. సోషల్ పంతులు పోస్టు ఖాళీ, హోంవర్కు ఉండదు కదా అని ఆ గడుగ్గాయి నన్నే తెరిచేది. నా కథలో నూకాలని ఒకావిడ, వరదలో కొట్టుకుపోయిన మొగుణ్ని వెతుక్కుంటూ ఒంటరిగా పడవేసుకుని బయల్దేరుతుంది. మొదటి పేజీ కూడబలుక్కోవడానికి పైడితల్లికి మూడు రోజులు పట్టింది. నాలుగోరోజు తలెత్తి, “అమ్మా, సోషల్ బాగుందే!” అంది.

అసిరమ్మ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. “ఒంట్లో బాగానేదేటే?” అని నుదురు తాకి చూసింది. నేనైతే కొయ్యబారిపోయాను.

సెప్టెంబరు వచ్చేసరికి నన్ను మూడుసార్లు చదివింది. గర్వంగానే ఉండేది. కానీ ఈ చదువుతోనే పరీక్షకు వెళ్తుందని తలచుకుంటే భయం వేసేది.

వెళ్లింది. ‘మన రాష్ట్రంలోని నదులను గూర్చి వ్రాయుము’ అని ప్రశ్న. నూకాలు నది ఎలా దాటిందో రెండు పేజీలు నింపి వచ్చింది!

సోషల్‌కు కొత్తగా వచ్చిన సుగుణ టీచరు తల్లినీ కూతురినీ పిలిపించి, నన్ను తెమ్మంది. తెరిచి నాలుగు పేజీలు తిప్పేసరికి ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. “ఇది సోషల్ కాదమ్మా, నవల! పిల్లకు సున్నా వచ్చింది.”

పైడితల్లి మొహంలో నెత్తురుచుక్క లేదు. “అయితే నూకాలు నేదా టీచర్? అంతా అబద్ధమేనా?”

నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. పాఠం అనుకుని ఆ పిల్ల నా ప్రతి మాటా నమ్మింది.

“అబద్ధమే,” అంది టీచరు మెల్లగా. తర్వాత, “ఇంక పిక్కల పనికే తోలుకుపోతాను” అని లేచిన అసిరమ్మ వైపు తిరిగింది. “రెండు లైన్లు రాయని పిల్ల రెండు పేజీలు రాసింది. మానిపించకండి. అసలు పుస్తకం తెచ్చివ్వండి, నేను చెబుతాను.”

అసిరమ్మ కూతురి తల నిమిరింది. “సరే టీచరమ్మా. సదవనీ.” నాకు ఊపిరొచ్చింది.

ఆదివారం ముగ్గురం తాత దగ్గరికి వెళ్లాం. నన్ను వదల్లేక ఏడుస్తుందని, మారాం చేస్తుందని ఎంత ఆశపడ్డానో! ఆ పిల్ల నన్ను తాత చేతిలో పెట్టి, సోషల్ పుస్తకం తీసుకుంది. ఈసారి తెరిచి మరీ చూసుకుంది. అంతటితో వెళ్లిపోక, పాత పుస్తకాల గుట్ట ముందు చతికిలబడింది.

“తాతా, ఇలాటి అబద్ధాల పుస్తకాలు ఇంకేటున్నాయి?”

అసిరమ్మ నెత్తి కొట్టుకుంది. పైడితల్లి నన్ను పక్కకు నెట్టేసి, నాకు రెండింతలున్న పుస్తకాన్ని ఒళ్లోకి లాక్కుంది. నన్ను! మూడుసార్లు చదివిన నన్ను! నేనింకా ఆ షాకులో ఉండగానే ఆ పిల్ల మూడో పేజీలో ఉంది.