ఏడో చిరునామా

"నీ గది గడియ ఊడిపోయి మూడేళ్ళయింది. ఇవాళే కొంపలేం మునిగిపోయాయని?" అని మూడోసారి అన్నాడు భర్త, టిఫిన్ ప్లేటు బల్ల మీదే వదిలేసి లేస్తూ.

"అదే నేనూ అంటున్నా. మూడేళ్ళయింది," అంది ఆమె.

కూరలు తరుగుతున్న అత్తగారు అందుకుంది. "పట్టపగలు తలుపేసుకుని కూర్చుంటే ఇంట్లో ఏదో గొడవైనట్టుంటుందమ్మా. నా మటుకు నాకు స్నానాల గదికి తప్ప ఇంతవరకూ గడియన్నదే తెలీదు." గొప్పగానే మొదలుపెట్టింది గానీ, ఆఖరి మాట దగ్గర కత్తి క్షణం ఆగింది.

ఆమె పనిచేసుకునే గదిలోనే ఇస్త్రీ బల్ల, భర్త బట్టల బీరువా, కూతురి పాత పుస్తకాలు, ఇంట్లో మరెక్కడా పట్టని సామానంతా ఉంటుంది. వాటి కోసం వచ్చేవాళ్ళెవరూ తలుపు తట్టరు. లోపలికొచ్చేశాక మాత్రం "ఏం లేదులే, నువ్వు కానీ" అంటారు.

పోయిన శనివారం కూడా అంతే. ఏడు ఆసుపత్రుల వెబ్‌సైట్లకు డాక్టర్లు ఖాళీగా ఉండే వేళలు అందించే సర్వర్‌ని చూసుకునేది ఆమే. రోగి ఆసుపత్రి పేజీ తెరవగానే, ఫలానా వెబ్ చిరునామా నుంచి వచ్చాను, వివరాలు ఇవ్వొచ్చా అని బ్రౌజరు సర్వర్‌ని అడుగుతుంది. ఎవరికి ఔననాలో ఒక జాబితాలో రాసుంటుంది. ఆ జాబితాలో ఎప్పుడో టీమ్ లీడ్ ఒక్క చుక్కగుర్తు (*) పెట్టి వదిలేశాడు. అంటే ఎవరొచ్చినా రానివ్వమని. "తర్వాత చూద్దాం" అన్న ఆ తర్వాత ఎన్నాళ్ళకీ రాలేదు. చుక్క తీసేసి ఏడు చిరునామాలూ రాద్దామని పట్టుబట్టింది ఆమే.

సర్వర్‌కి ఆదేశాలు పంపే ఏపీఐ టూల్‌లో జాబితా టైపు చేసి పంపాలి. పంపిందే మొత్తం జాబితా. అందులో లేనివాళ్ళు ఇక లేనట్టే. ఆరు రాసింది. తలుపు తోసుకుని భర్త వచ్చాడు. "నా నీలం చొక్కా ఇస్త్రీ అయిందా? బయల్దేరాలి." ఆమె లేచి చొక్కా చేసిచ్చి, వచ్చి కూర్చుని, పంపే మీట నొక్కింది. పచ్చరంగులో 'విజయవంతం' అని వచ్చింది. ఏడోదైన కంటి ఆసుపత్రి పేజీ మాత్రం నలభై నిమిషాలు తెల్లమొహం వేసింది. టీమ్ లీడ్ మళ్ళీ చుక్క పెట్టేశాడు. సోమవారం మీటింగులో అందరి ముందూ, "ఇంట్లో కూర్చుని చేసేవాళ్ళకి ఇలాంటివి ఇవ్వకూడదు. ఈ శనివారం ఇంకొక్కసారి చూద్దాం. కాకపోతే వేరేవాళ్ళకిచ్చేద్దాం," అన్నాడు. ఆమె చొక్కా సంగతి చెప్పలేదు. చెబితే నవ్వుతారు, చెప్పకపోతే చేతకానిదంటారు. రెండింట్లో చేతకానిదనిపించుకోవడమే నయమనిపించిన తన మనసు మీదే వారమంతా కోపంగా ఉంది ఆమెకి.

ఇవాళే ఆ శనివారం. మార్పు చేయాల్సిన పదకొండింటికి ఐదు నిమిషాలుందనగా గదిలోకి వెళ్ళి, ఇస్త్రీ బల్లని ఈడ్చి తలుపుకి అడ్డంగా పెట్టింది.

తలుపు కదిలింది. బల్ల కిర్రుమంది. "ఇదిగో, నా సాక్సులు!" అన్నాడు భర్త బయటి నుంచి.

"పన్నెండింటికి."

"సాక్సులకి కూడా టైమా!"

ఆమె అప్పటికే జాబితా రాయడం మొదలుపెట్టింది. గుండె మాత్రం దొంగతనం చేస్తున్నట్టు కొట్టుకుంది. చిరునామాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి పైకి చదివింది. ఏడు. పంపింది. ఈసారి పచ్చరంగుని నమ్మలేదు. కంటి ఆసుపత్రి పేజీ తెరిచింది. డాక్టర్ల వేళలు వరసగా వచ్చి నిలబడ్డాయి. మిగతా ఆరూ తెరిచింది. చివరగా జాబితాలో లేని చిరునామా నుంచి అడిగించి చూసింది. కుదరదంది సర్వర్. అడిగిన చిరునామా మారుమాట్లాడకుండా వెనక్కి పోయింది. అలగలేదు, "అంత పనేమిటో" అనలేదు. ఆమెకి నవ్వొచ్చింది.

టీమ్ లీడ్ బొటనవేలి బొమ్మ పంపాడు. ఆ రోజన్న మాటలకి అది ఏ మూలకీ చాలదు. పని మాత్రం ఆమె దగ్గరే ఉంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నాక, మంచినీళ్ళు పోస్తూ మామూలుగా చెప్పింది. "రేపు వడ్రంగి వస్తాడు. నా గదికి గడియ పెట్టిస్తున్నా. ఇస్త్రీ బల్లా, బీరువా హాల్లోకి వస్తాయి. చొక్కాలు ఎవరివి వాళ్ళే చేసుకుందాం. నాతో పనుంటే తలుపు తట్టండి. రమ్మంటే రండి."

"రావద్దంటే?" అంది కూతురు.

"తర్వాత రావాలి."

"ఇది ఇల్లా, ఆఫీసా?" అన్నాడు భర్త.

"నాకు రెండూనూ. ఇంకోటి, రెండు గడియలు తెమ్మన్నాను. రెండోది అత్తయ్య గదికి."

భర్త పకపకా నవ్వాడు. "అమ్మకెందుకే గడియ?"

అత్తగారు నవ్వలేదు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. రోజుకి పదిసార్లు ఎవరో ఒకరు నెట్టుకుని వెళ్ళే తన గది తలుపు వంక చూసి, మెల్లగా అడిగింది.

"లోపలివైపేగా?"