వలిసె నూనె రాసిన చెయ్యి

సోని కుడిచేతి మీద మార్కర్‌తో ఇరవై ఏడు అని రాసేటప్పటికి ఆరు గంటలు. పరుగు ఆరున్నరకే అన్నారు. ముఖ్య అతిథి కారు అనంతగిరి ఘాటు ఎక్కుతోందని ఏడింటికి చెప్పారు. ఏడున్నరకీ ఎక్కుతూనే ఉంది.

అరకు గ్రౌండులో మంచు కమ్మి మనిషికి మనిషి కనబడడం లేదు. నంబరు కనబడాలి కాబట్టి పిల్లలు చేతులు కప్పుకోకూడదట. ఆ రూలు పెట్టిన పెద్దమనిషి మాత్రం స్వెట్టరు మీద కోటు, కోటు మీద శాలువా వేసుకుని టీ తాగుతున్నాడు.

హుకుంపేట అవతల కొండమీది ఊరి నుంచి కూతుర్ని నాలుగింటికే జీపెక్కించి తెచ్చిన ధర్మకి ఒళ్లు మండిపోయింది. పట్నంలోని క్రీడా పాఠశాలలో ఈ కొండల పిల్లలకి ఇచ్చింది ఒకే ఒక్క సీటు. మొదట వచ్చిన పిల్లదే అది. వచ్చే ఏడాదికి సోనికి వయసు దాటిపోతుంది.

రెండేళ్లుగా చలికాలమంతా పొద్దున్నే పరిగెత్తి వచ్చేసరికి ఆ పిల్ల చేతులు, బుగ్గలు పగిలి నెత్తురు చిమ్మేవి. తన చేలో పండిన వలిసెలు ఆడించిన నూనె ధర్మ రాస్తేగాని ఆ మంట చల్లారేది కాదు. ఇవాళ కూడా చిన్న సీసా జేబులో పెట్టుకునే వచ్చాడు.

"ఇలా రా గుంటా, సేతులు కొయ్యబారిపోతన్నాయి. కూసింత నూనె రాత్తాను."

"వద్దు నానా, నంబరు సెరిగిపోద్ది."

"దాని మీద రాత్తానేటి? నాకు కళ్లు నేవా?"

అంకెల మీద వేలు పడకుండా, చుట్టూ మాత్రమే, చంటిబిడ్డ కంటికి కాటుక పెట్టినంత పదిలంగా రాశాడు. మెడకీ, బుగ్గలకీ, పిక్కలకీ పట్టించాడు. మిగతా పిల్లలు గజగజలాడుతుంటే తన పిల్ల నిగనిగలాడుతోందని మురిసిపోయాడు కూడా.

ఎనిమిదింటికి ఈల వేశారు. ఐదు కిలోమీటర్లు. మంచులోంచి మొట్టమొదట బయటపడింది సోనియే! వెనక పిల్లకి వంద గజాల దూరం. ధర్మ కేకలు పెట్టుకుంటూ ముగింపు గీత దగ్గరికి ఉరికాడు.

"నంబరెంత?" అన్నాడు పుస్తకం పట్టుకున్న సారు.

"ఇరవై ఏడు సార్."

"చెయ్యి చూపించు."

చేతి మీద రెండూ లేదు, ఏడూ లేదు. నూనె, చెమట కలిసి నల్లటి మరక ఒకటి మణికట్టు దాకా కారింది.

"సగం దూరంలో మలుపు దగ్గర రాసుకున్నవాళ్లు ఫోనులో చెప్పిన నంబర్లలో కూడా ఇరవై ఏడు లేదు. నువ్వు అక్కడిదాకా వెళ్లావని ఏమిటి నమ్మకం? పోయినేడాది ఇద్దరు ఇలాగే అడ్డదారిన వచ్చి కలిశారు."

"నూనె రాసినోణ్ని నాను సార్! తప్పు నాది. గుంటదేటుంది?" ధర్మ చేతులు జోడించాడు.

సారు అప్పటికే రెండో పిల్ల నంబరు రాసుకుంటున్నాడు. మలుపు దాటేదాకా సోని వీపు వెనకాలే పరిగెత్తిన పిల్ల. ఆమెని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. తల వంచుకుని నిలబడింది. పగిలి తెల్లబారిన ఆమె చేతి మీద నలభై ఒకటి మాత్రం అచ్చు గుద్దినట్టు ఉంది.

తిరుగు జీపులో సోని ఏడవలేదు. హుకుంపేట దాటాక తన చెయ్యి తీసి తండ్రి ఒళ్లో పెట్టింది.

"సూడు నానా, అంత సలిలో పరిగెట్టినా ఒక్క సోట కూడా పగల్లేదు."

ధర్మ ఆ చేతిని ముట్టుకోలేకపోయాడు.