తాడు విప్పని కార్టన్

“సామాను వద్దు. తీసుకుపో,” అన్నాడు నిర్బంధ కేంద్రం గేటు దగ్గర గార్డు.

నవీన కార్టన్‌ను కిందికి దింపింది. లింబాద్రి పేరు, ఊరు పెద్దపెద్ద అక్షరాలతో రాసి, నైలాన్ తాడుతో బిగించి కట్టిన అట్టపెట్టె అది. గల్ఫ్ నుంచి ఇంటికి పోయేవాడు కార్టన్ లేకుండా విమానం ఎక్కడు. పోలీసులు పట్టుకుని పంపించేవాళ్లకైనా రూమువాళ్లు కట్టి తెచ్చిస్తారు, ఏ గార్డూ కాదనడు.

“నా భర్తను ఇంటికే కదా పంపుతున్నారు?” హిందీలో అడిగింది.

గార్డు ముఖం తిప్పుకున్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే ఫోన్‌లో లింబాద్రి ఎంత సంబరపడ్డాడు! “సంతకం పెట్టిన నవీనా, ఇగ ఇంటికే!” ఇల్లు అంటే చాలు, అరబీలో ఏం రాసుందో అడగకుండా సంతకం పెట్టేస్తాడు. సరిహద్దు అవతలి దేశంలో, జీతమివ్వని కంపెనీ నుంచి పారిపోయి ఒమన్ చేరిన ఖల్లివల్లి మనిషి, అంటే సరైన కాగితాలు లేనివాడు అతను. ఆ యజమాని కక్షకొద్దీ దొంగతనం కేసు పెట్టాడు. లింబాద్రిని పిలిచి ఒక్క మాటైనా అడగకుండానే అక్కడ జైలుశిక్ష వేశారు.

“పెట్టె వద్దన్నరంటే ఇంటికి కాదు బాబు భాయ్, ఆ జైలుకు పంపుతున్నరు!” అంటూ బండి దగ్గరికి ఉరికింది నవీన.

పికప్‌లో కూర్చున్న బాబు మియా కడప మనిషి. అల్ హైల్‌లో వాళ్ల పక్క రూమ్.

“నువ్వు పెట్టె తీసుకోని టాక్సీ ఎక్కి వకీలమ్మ కాడికి పో సెల్లెమ్మా. నేనీడనే ఉంటా.”

రూవిలోని లాయర్ అజీజా కార్టన్ సంగతి వినగానే లేచి నిలబడింది. “ఆ పెట్టె కూడా కోర్టుకు తీసుకురా,” అంది.

మధ్యాహ్నానికల్లా అత్యవసర పిటిషన్ జడ్జి ముందుకొచ్చింది.

“అతనే ఒప్పుకుని సంతకం పెట్టాడు,” అన్నాడు నిర్బంధ కేంద్రం అధికారి.

“ఇంటికి వెళ్లడానికి ఒప్పుకున్నాడు. పరాయి దేశపు జైలుకు కాదు,” అంది అజీజా. “విమానం టికెట్ చూపించండి.”

టికెట్ లేదు.

“అక్కడికెళ్లాక అప్పీలు చేసుకోవచ్చు,” అన్నాడు అధికారి.

“లోపలేసి తాళమేసినంక ఎవల్ని అడగాలె?” నవీన తెలుగులోనే అరిచేసింది. ఆ గొంతులోని మంటకు అనువాదం అక్కర్లేకపోయింది.

జడ్జి కార్టన్ వైపు చూశాడు. “ఇంటికి పంపేవాళ్లు దీన్ని ఎందుకు తీసుకోలేదు?”

అతన్ని పంపకుండా జడ్జి స్టే ఇచ్చాడు.

అధికారి ఫోన్ చెవికి ఆనించి, తాపీగా తల అడ్డంగా ఊపాడు. “ఆలస్యమైంది. వ్యాన్ సరిహద్దు దాటేసింది.”

నవీన జడ్జి అనుమతి అడిగి, బాబు మియాకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“యాడ దాటిందమ్మా? వ్యాన్ గేటు లోపలే ఉండాది. నా బండి గేటుకు అడ్డంగా సెడిపోయిందిలే. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి సస్తాండాడు!”

అజీజా ఆ మాటల్ని కోర్టు దుబాసీతో అరబీలో చెప్పించింది. జడ్జి ముఖం గట్టిపడింది. “అబద్ధంతో ఈ కోర్టునే దాటేద్దామనుకున్నారా? వ్యాన్ ఆపండి. నా ఎదుటే ఫోన్ చెయ్యండి.”

సాయంత్రం నిర్బంధ కేంద్రంలో జాలీ తలుపు వెనక లింబాద్రి కనబడ్డాడు.

“కార్టన్ ఏదే? ఇంటికి ఎప్పుడు పంపుతరట?”

“ఇంకా కేసు నడవాలె. పెట్టె బాబు భాయ్ బండ్ల ఉంది, తాడు విప్పలే.” నవీన జాలీని గట్టిగా పట్టుకుంది. “ఇంకోపాలి నన్ను అడగకుండ సంతకం పెడితే, ఆ తాడుతోనే నీ చేతులు కడత!”