పేరుకి పైలట్

"నువ్వు పదో తరగతి పాసయినవ్ కద?" అని మా ఆయన ప్రశాంత్ అడిగినప్పుడు నేను కండెలు చుడుతున్నాను. పెళ్ళయి పదకొండేళ్ళయింది. నా చదువు గురించి ఆయన నోట ఒక మంచి మాట రావడం అదే మొదటిసారి. చెడ్డ మాటలకు మాత్రం ఎప్పుడూ లోటు లేదు. పప్పులో ఉప్పెక్కువైతే "పదో తరగతిల గిదే నేర్పిన్రా?" అని అత్తమ్మ గంగుబాయి అడిగేది. నేను ఏదైనా మాటకు మాట చెబితే, మామ నర్సప్ప నాతో కాకుండా గోడతో అన్నట్టు "సదువుకున్నదాన్ని తెచ్చుకుంటె గిట్లనే ఉంటది" అనేవాడు. ప్రశాంత్ ఎనిమిదిలోనే బడి మానేసి మగ్గం దగ్గరికి వచ్చేశాడు. అందుకని ఆ ఇంట్లో నా పదో తరగతి నేను చేసిన తప్పులాగే ఉండేది. నాకు డెబ్బై ఒక్క శాతం వచ్చిందని ఎవరికీ చెప్పలేదు, తప్పు ఇంకా పెద్దదవుతుందని.

కండె అంటే మగ్గంలో అడ్డపోగు కోసం నూలు చుట్టి పెట్టే చిన్న కర్ర. అది అయిపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే "కండె ఏదే" అని కేక వస్తుంది. సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటిలో ఇదే పద్ధతి. చుట్టేది ఆడది, నేసేది మగవాడు. తువ్వాలు తయారయ్యాక అది ఆయన నేసిన తువ్వాలే. ఒకసారి ఏదో సర్వేకి ఒకామె వచ్చి ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగితే, మామ నన్ను చూపించి "ఈమె ఏం చెయ్యదు, ఇంట్లనే ఉంటది" అని రాయించాడు. అప్పుడు నా ఒళ్ళో గంప నిండా కండెలున్నాయి. ఆ సర్వే ఆమె గంపవైపు చూసింది, నావైపు చూసింది, రాసుకుని వెళ్ళిపోయింది. నాకు కోపం రాలేదు. రాలేదని తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

మాకు నాలుగు మరమగ్గాలుండేవి. తువ్వాళ్ళకు గిరాకీ పడిపోయి, కొత్తరకం మిషన్ల ముందు మా పాత మగ్గాలు నిలబడలేక, రెండింటిని పాత ఇనుము కింద అమ్మేశాం. ఆ ఖాళీ జాగాను చూస్తూ ప్రశాంత్ నెలరోజులు ముభావంగా తిరిగాడు. తరువాత ఎవరి పెళ్ళిలోనో డ్రోన్ చూసి వచ్చాడు. మండపం మీద అది ఎగురుతుంటే పెళ్ళికొచ్చినవాళ్ళందరూ పెళ్ళికూతుర్ని వదిలేసి దాన్నే చూశారట. ఇక మనకదే బతుకు అన్నాడు. అయితే డబ్బు తీసుకుని ఎగరెయ్యాలంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, సర్టిఫికెట్ కావాలంటే పదో తరగతి పాసై ఉండాలి. అందుకే ఆ రోజు కండెల మధ్య నా చదువు గుర్తుకొచ్చింది.

"ఐదు రోజుల ట్రైనింగు, పుణెల. పోయొస్తవా?" అన్నాడు.

"ఎగరేసేది ఎవరు?" అన్నాను.

"ముందు సర్టిఫికెట్ రానియ్యి. ఉగీచ్, ఉత్తగ ఇప్పటినుంచే ఎందుకు లొల్లి."

ఆ ఐదు రోజుల గురించి నేను ఎవరితోనూ పూర్తిగా మాట్లాడలేదు. కట్టుకెళ్ళిన జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ రెండో రోజుకే అయిపోతే క్యాంటీన్లో తిన్నాను. తిన్న పళ్ళెం అక్కడే వదిలేసి రమ్మంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై రెండు మందిలో ఆడవాళ్ళం ఇద్దరమే. డ్రోన్ మనకు వీపు చూపిస్తూ ఎగిరినంతసేపు అందరికీ సులువే. అది మనవైపు తిరిగిందంటే దాని కుడి మనకు ఎడమవుతుంది, అక్కడే అందరూ తడబడి నేలకు కొట్టేవాళ్ళు. నాకు తడబాటు రాలేదు. సార్ ఆశ్చర్యపోయి ఇంతకుముందు నేర్చుకున్నావా అని అడిగాడు. లేదన్నాను. ఎదురుగా నిలబడ్డ పిల్లకు రోజూ పొద్దున బడి చొక్కా తొడిగేటప్పుడు దాని కుడిచెయ్యి మన ఎడమవైపే కదా ఉంటుంది. ఇళ్ళల్లో ఆడవాళ్ళకు ఎన్ని వచ్చో ఆడవాళ్ళకే తెలియదు. నాలుగో రోజు నేనొక్కదాన్నే దాన్ని వంద అడుగుల పైకి తీసుకెళ్ళి గాలిలో నిలబెట్టాను. రెండు బొటనవేళ్ళ కింద ఆ చిన్న వణుకు, తెర మీద చింతచెట్ల నెత్తులు, వాటి పక్కన చుక్కంత నేను. నా జీవితంలో నేను చెప్పినచోట నిలబడిన మొదటిది ఆ డ్రోనే. చాలా సంతోషంగా ఉండింది. అంత సంతోషం నాలో ఉందని నాకు తెలియదు.

సర్టిఫికెట్ వచ్చింది. ఫోటో నాది, పేరు నాది, హర్షద ప్రశాంత్ అని. దాన్ని లామినేషన్ చేయించి ప్రశాంత్ తన బ్యాగులో పెట్టుకున్నాడు. డ్రోన్ వచ్చిన రోజు పూజ చేసి, కుంకుమ పెట్టి, రిమోట్ ఆయనే తీసుకున్నాడు. వారంరోజులు మేడమీద నేనే నేర్పాను. పక్కన నిలబడి మాటలతోనే నేర్పాను, రిమోట్ నా చేతికి రాలేదు. ఒకసారి అడిగితే "పెండ్లిళ్ళల్ల మొగోళ్ళ నడుమ నువ్వు నిలబడి ఎగరేస్తవా? చూసినోళ్ళు ఏమంటరు?" అన్నాడు. అత్తమ్మ "సర్టిఫికెట్ తెచ్చినవ్, బస్. ఇగ ఇల్లు చూసుకో" అంది. అయినా ఇల్లొక్కటే చూసుకుంటే సరిపోలేదు. బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టడం నా పని. సోలాపూర్ ఎండకు అవి వేడెక్కకుండా నీళ్ళ కుండ పక్కన నీడన దాచడం, రెక్కలు తుడవడం, తీసిన వీడియోలు కంప్యూటర్లోకి ఎక్కించి మంచివి ఏరిపెట్టడం, పెళ్ళిలో సంచీ మోసుకుంటూ వెనకాల నడవడం, అన్నీ నా పనులే. "బ్యాటరీ నింపినవా?" అని ఆయన అడిగే గొంతు నాకు బాగా తెలుసు. కండెలు అడిగిన గొంతే అది. విజిటింగ్ కార్డు మీద ఆయన ఫోటో, ఆయన నంబరు. మా కూతురు ఋతుజ ఐదో తరగతి. బడిలో "మా నాన్న పైలట్" అని వ్యాసం రాసి బహుమతి తెచ్చుకుంది. ఒకరోజు బ్యాగులో సర్టిఫికెట్ చూసి "అమ్మా, దీని మీద నీ ఫోటో ఏసిండ్రేంది, తప్పు పడ్డదా?" అని అడిగింది. "అవునే, తప్పు పడ్డది" అన్నాను. పిల్లకు అబద్ధం చెప్పిన బాధ ఆ రాత్రంతా ఉంది.

రెండేళ్ళు అలాగే గడిచాయి. పోయిన నెల కొంతం చౌక్ దగ్గర ఒక ఇరుకు సందులో పెళ్ళికొడుకు ఊరేగింపు. మిట్టమధ్యాహ్నం, గాలి గట్టిగా ఉంది. రెండు వరసల మేడల మధ్య కరెంటు తీగలు. పెళ్ళికొడుకు గుర్రం మీద వస్తుంటే కిందికి దించి తీస్తానన్నాడు ప్రశాంత్.

"అహో, కిందికి ఒద్దు. గాలి చూడుండ్రి, తీగలున్నయి" అన్నాను.

"నువ్వు నాకు చెప్తవా? సంచి పట్టుకోని నిలబడు."

నిలబడ్డాను. డ్రోన్ మావైపు తిరిగింది. ఆయన కుడి అనుకున్నది ఎడమైంది. తీగకు తగిలి, పక్క మేడమీద బీడీలకు తునికాకు కత్తిరించుకుంటున్న సుమిత్ర కాకూ మీద పడింది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుందట. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు తెగిపోయినంత పనైంది. నాకు పిన్నిలాంటిది, నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో పక్కిల్లు వాళ్ళదే. నాకు బీడీ చుట్టడం నేర్పింది ఆ రెండు వేళ్ళే. నేను మెట్లెక్కి పరుగెత్తేసరికి ఆమె నెత్తుటి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆకంతా పాడైపోయిందే అని ఏడుస్తోంది.

పోలీసులు వచ్చారు. డ్రోన్ ఎవరిదని హవల్దార్ మరాఠీలో అడిగాడు. ప్రశాంత్ బ్యాగు తెరిచి లామినేషన్ కాగితం తీసి, రెండేళ్ళలో మొదటిసారి దాన్ని నా చేతిలో పెట్టాడు.

"పైలట్ ఈమెనే సార్" అన్నాడు.

ఎన్నిసార్లు వినాలనుకున్నానో ఆ మాట. ఇలా విన్నాను.

మర్నాడు పొద్దున చౌకీకి వచ్చి ఏం జరిగిందో జబాబ్, అంటే వాంగ్మూలం, రాసి సంతకం పెట్టమన్నారు. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ నాతో ఎంత మెత్తగా మాట్లాడారో చెప్పలేను. అత్తమ్మ స్వయంగా అన్నం పెట్టింది. "ఆడిమనిషి అంటె పోలీసోళ్ళు ఒదిలేస్తరు. మొగోని మీద కేసు పడితె ఇల్లెట్ల నడుస్తది బిడ్డా" అంది. ఆమె నోట బిడ్డా అనే మాట నేను ఎప్పుడూ వినలేదు. మామ ఈసారి గోడతో కాకుండా నాతోనే మాట్లాడాడు. ప్రశాంత్ నా పక్కన కూర్చున్నాడు.

"ఒక్కటి ఆలోచించు. నేను ఎగరేసిన అని రాస్తె, సర్టిఫికెట్ లేనోని చేతికి ఎందుకిచ్చినవ్ అని నీదే రద్దు చేస్తరు. నువ్వే ఎగరేసిన అని రాస్తె, గాలికి పడ్డదంటె చిన్న జుర్మానాతోటి పోతది. నీ మంచికే చెప్తున్న. కేసు అయిపోనియ్యి, ఇగ రిమోట్ నీకే. అన్ని పెండ్లిళ్ళు నువ్వే ఎగరెయ్యి."

దాచడం ఎందుకు, నేను నమ్మాను. అన్నం తినడం పూర్తయ్యేదాకా నమ్మాను. నా వేళ్ళ కింద ఆ వణుకు, తెర మీద మా పేట మేడలు, ప్రతి మేడమీదా ఆకు కత్తిరించే ఆడవాళ్ళు, నేను దగ్గరికి పోకుండా దూరం నుంచే వాళ్ళను మెల్లగా దాటుకుంటూ పోవడం, అన్నీ కళ్ళకు కట్టాయి. ఒక్క అబద్ధం రాస్తే చాలు. ఇంతకాలం నేను చేసిన పనిని ఆయన పేరు మీద రాశారు, ఆయన చేసిన పనిని ఒక్కసారి నా పేరు మీద రాసుకుంటే ఏం పోయిందని కూడా అనుకున్నాను.

పొద్దున్నే చౌకీకి వెళ్ళేముందు ఆస్పత్రికి వెళ్ళాను. ప్రశాంత్ బయట బండి మీదే ఉండిపోయాడు. సుమిత్ర కాకూ చెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. నరాలు తెగాయట. వేళ్ళు మళ్ళీ వంగుతాయో లేదో ఆరు నెలలాగి చెబుతామన్నారట. వంగని వేళ్ళతో బీడీ చుట్టలేరు. నన్ను చూసి ఆమె ఎడమచేతి మీద ఆనుకుని పక్కకు జరిగి చోటిచ్చింది.

"నువ్వే ఎగరేసినవటగద. మా కొడుకు అజయ్ కేసు గట్టిగ ఏద్దాం, చేతి ఖర్చంత కట్టిద్దాం అంటున్నడు. నేనే నక్కో, ఒద్దు అన్న. మన హర్షదరా, పాపం ఆడిపిల్ల, కావాలని చేసిందా అన్న. మొగోడయితె ఇడిసిపెట్టేదాన్ని గాదు" అంది. మళ్ళీ తనే, "ఏడ్వకు, ఏం గాదు తియ్యి" అంది.

నేను ఎగరేశానని ఆమె ఎవరు చెబితే నమ్మిందో అడగలేదు. అబద్ధం నా పేరు మీదే పడుతుందనుకున్నాను, ఆమె వేళ్ళ మీద పడుతుందనుకోలేదు. నన్ను ప్రేమిస్తుంది కనుక ఆమె తన చేతి ఖర్చు వదిలేసుకుంటుంది, ఆ ప్రేమను వాడుకుని మా ఆయన బయటపడతాడు, నేను మేడలమీద డ్రోన్ ఎగరేసుకుంటాను. ఆ రిమోట్ నాకొద్దనిపించింది. నాకు కావలసింది మాత్రం ఆ రిమోట్ ఒక్కటే.

చౌకీలో హవల్దార్ తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టి, "నిన్న డ్రోన్ ఎవరు నడిపారో, ఎలా పడిందో రాయి బాయీ, చాలు" అన్నాడు. ప్రశాంత్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు. పదో తరగతి మరాఠీలోనే చదివాను. అక్షరం అక్షరం విడిగా, పరీక్షలో రాసినట్టు రాశాను. నిన్న డ్రోన్ ఎగరేసింది నా భర్త ప్రశాంత్. గాలి ఉందని, తీగలున్నాయని నేను చెప్పాను, వినలేదు. సుమిత్రాబాయి చెయ్యి దానివల్లే తెగింది.

హవల్దార్ అడిగింది అక్కడికి అయిపోయింది. నేను ఇంకో వాక్యం రాశాను. సర్టిఫికెట్ వచ్చిన రెండేళ్ళలో ఒక్కరోజు కూడా నన్ను ఎగరెయ్యనివ్వలేదు.

వెనకనుంచి వంగి చదువుతున్న ప్రశాంత్ మొదటి వాక్యాలకు ఊపిరి బిగబట్టాడు. చివరిదానికి వచ్చేసరికి నా చెవి దగ్గర, "గది కొట్టెయ్యి. గది ఇంటి సంగతి, కేసుకేం సంబంధం" అన్నాడు.

కొట్టెయ్యలేదు. పైలట్ అని నా పేరు మీద ఉన్న ఒక్కగానొక్క కాగితాన్ని నా చేత్తోనే పోగొట్టుకుంటూ, పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.